ర్యామ్ కూడా ప్యాసింజరే

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో ఒక రాజ్యం ఉంది. ఆ రాజ్యంలో జాగా కోసం కొట్లాట ఉంది. అందరూ నిద్ర లేవకముందే వచ్చి హద్దులు గీసి వెళ్లిపోయే ఒక అదృశ్య శక్తి ఉంది. మంచం మీద నుంచే ఆజ్ఞలు జారీ చేసే ఒక వృద్ధ రాణి ఉంది. చదివేవాళ్లు కాళ్లు కడుక్కుని, చాప పరుచుకుని కూర్చోవాలి.

కూర్చున్నారా? ఇక లేవండి. అంత ఏమీ లేదు. రాజ్యం అంటే నకిరేకల్‌లో హైవే పక్కన, పంక్చర్ల దుకాణానికి ఆనుకుని ఉన్న ఒక ఫోటో స్టూడియోలో పాత కంప్యూటర్. లారీ పోయినప్పుడల్లా దాని మూత గలగలమనేది. కొట్లాడుకున్నవి ఆ డబ్బా లోపలి ముక్కలు. రాణి మా అవ్వ. అదృశ్య శక్తి ఏమిటో నాకు అప్పట్లో తెలియదు, ఇప్పుడూ సగమే తెలుసు. ఆ సగమే రాస్తున్నాను. మిగతా సగం తెలిసినవాళ్లుంటే దయచేసి నాకు చెప్పొద్దు. ఎంతో కష్టపడి ఈ సగానికి అలవాటుపడ్డాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. నల్గొండలో కంప్యూటర్ డిప్లొమా ముగించి ఆ స్టూడియోలో పనికి కుదిరాను. ఓనర్‌ను ఊరంతా భాయ్ అనేది, నేనూ అదే అనేవాణ్ణి. నిఖాలు, లగ్గాలు, చర్చి పెళ్లిళ్లు, ఆ చుట్టుపక్కల ఏది జరిగినా భాయ్ కెమెరా ముందే జరగాలి. ప్రతి పెళ్లికొడుకు మొహంలోనూ దేవుడు ఎక్కడో ఒక మంచి కోణం పెట్టే పంపిస్తాడని ఆయన నమ్మకం. అది దొరకనప్పుడు నమ్మకాన్ని వదులుకోకుండా, ఆల్బంలో పెళ్లికూతురి ఫోటోలు పెద్దవి చేసేవాడు. నా పని మిక్సింగ్. అంటే పెళ్లి వీడియోను కంప్యూటర్‌లో కోసి, అతికించి, అవసరం ఉన్నా లేకున్నా పైనుంచి గులాబీలు కురిపించడం.

మాది కేతేపల్లి. ఆ ఏడే మా అక్కకు పెళ్లి కుదిరింది. అక్క గురుకులంలో లెక్కల టీచర్. వచ్చిన సంబంధాలన్నిటినీ ప్రశ్నలడిగి పంపించేసేది. ఒకాయనను ఈ మధ్య ఏ పుస్తకం చదివావని అడిగితే, పట్టాదారు పాసుపుస్తకం ఉందని చెప్పి చాయ్ తాగి వెళ్లిపోయాడు. అలాంటి అక్క చివరికి ఒకరికి సరే అంది. ఇంట్లో ఎవరం నమ్మలేదు. అందరికంటే తక్కువ నమ్మింది అవ్వ.

అవ్వ మా బాపు తల్లి. అమ్మ కూలికీ, ఆ తర్వాత బడిలో వంటకూ పోయిన రోజుల్లో అక్కను పెంచింది ఆమే. చర్చిలో పాస్టర్ అడిగినప్పుడు అక్క నోరు తెరిచి "ఒప్పుకుంటున్నాను" అనడం కళ్లారా చూడాలన్నది తనకు మిగిలిన ఒకే ఒక్క కోరిక అని వాడంతా చెప్పుకునేది. ఒకే ఒక్కటి అన్నది అబద్ధం. చీర రంగు మీద, మటన్ మీద కూడా కోరికలుండేవి. కానీ ఇది నిజంగానే పెద్దది.

పెళ్లి దగ్గర పడ్డాక అవ్వ పడింది. కోడిని తరుముతూ గడప మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. వాడలో కొందరు దిష్టి అన్నారు, కొందరు శోధన అన్నారు. కోడి అన్నవాళ్లు ఒక్కరూ లేరు. నల్గొండ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి, మంచం దిగితే మళ్లీ మొదటికొస్తుందని చెప్పి పడుకోబెట్టారు. పెళ్లి వాయిదా వేద్దామని బాపు అన్నాడు. అక్క కూడా వేద్దామంది. అక్క ఆ మాట అనగానే అవ్వ మంచం మీద నుంచి సగం లేవబోయింది.

"సూసిన్రా? అప్పుడే మాట మారుస్తాంది. వాయిదా గీయిదా ఏం లేదు. గదే తారీకుల కావాలె."

"మరి నువ్వెట్ల సూస్తవే?" అన్నాడు బాపు.

"గీడు పొద్దందాక మందియే పెండ్లిల్లు తీస్తడు గద. ఇంట్ల పెండ్లి నాకు ఈడికి పంపరాదా?"

"ఫోన్ల వీడియో కాల్ చేస్తలే అవ్వా," అన్నాను.

"వద్దు. కోస్గి పెండ్లిల జూసిన నీ వీడియో కాలు."

కోస్గిలో చుట్టాల పెళ్లికి మోకాళ్ల నొప్పులతో పోలేక, అవ్వ వీడియో కాల్‌లో చూసింది. ఫోన్ పట్టుకున్న మా చిన్నాయిన బంతికి పిలవగానే దాన్ని కుర్చీలో పడుకోబెట్టి భోజనానికి లేచాడు. ఆ తర్వాత పెళ్లంతా అవ్వకు కనిపించింది టెంటు గుడ్డ.

"దాని మీది పూలు గూడ లెక్కవెట్టిన," అంది అవ్వ. "మళ్ల నాకు టెంటు సూపిస్తె సచ్చి నీ నెత్తి మీద కూసుంట."

ఈ సంగతి చెబితే భాయ్ కళ్లు మెరిశాయి. అప్పటికే హైదరాబాద్ పెళ్లిళ్లలో లైవ్ టెలికాస్ట్ మొదలైంది. మనమూ మొదలుపెట్టాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది.

"అవ్వకు లైవ్ పెడ్దాం తమ్మీ. నాలుగు కెమెరాలు. దవాఖానల పండుకోని సూస్తది. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అని భాయ్ అన్నప్పుడల్లా నేను ఫికర్ మొదలుపెట్టేవాణ్ణి. అది నా ఉద్యోగంలో భాగం.

ఆయన హైదరాబాద్ వెళ్లి ఒక పాత కాప్చర్ కార్డు తెచ్చాడు. నాలుగు కెమెరాల తీగలూ దానికి గుచ్చితే, నాలుగు బొమ్మలూ కంప్యూటర్‌లోకి వస్తాయి. అందులోంచి ఒకదాన్ని ఎంచి నెట్‌లోకి వదిలితే అవ్వ ఫోన్‌లో కనిపిస్తుంది. కంప్యూటర్‌కు దమ్ము సరిపోదేమోనని ర్యామ్ ముక్క కూడా ఇంకోటి తెచ్చాడు. అప్పటి వరకు అందులో ఒకటే ఉండేది. రెండూ బిగించి, మూత పెట్టి, స్విచ్ వేశాం. భాయ్ బిస్మిల్లా అన్నాడు. నేను మా అలవాటు కొద్దీ స్తోత్రం అన్నాను. రెండు వైపుల నుంచీ సిఫారసు వెళ్లినా, పరికరాల జాబితాలో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం వచ్చింది.

"ఏమంటాంది?" అన్నాడు భాయ్.

"ఖాళీ రిసోర్సులు సాల్తలేవంట. ఇది నడవాలంటే ఇంకేదన్న ఒకటి బంద్ చేయమంటాంది."

"రిసోర్స్ అంటే?"

నేను డిప్లొమా హోల్డర్‌ను. తడుముకోకుండా చెప్పాను. "మెమరీ."

"మెమరీ అంటే?"

అక్కడ తడుముకున్నాను.

మెమరీ అంటే జాగా అని ఇద్దరం తేల్చుకున్నాం. జాగా అనగానే భాయ్‌కి హార్డ్ డిస్క్ గుర్తొచ్చింది, ఎందుకంటే అది ఎప్పుడూ నిండే ఉండేది. ఆ మధ్యాహ్నమంతా పాత పెళ్లిళ్లు తీసేస్తూ కూర్చున్నాం. భాయ్‌కి ఒక్కొక్కటీ ప్రాణం.

"గిది తియ్యకు. ఆ పిల్ల తండ్రి పోయిండు పాపం, కాపీ అడుగుతరు."

"మరి గిది?"

"గిది గూడ వద్దు. ఆ లైటింగ్ మళ్ల మనతోని కాదు."

"గిది భాయ్?"

ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. "గిది తియ్యి. వీళ్లు నాకు అన్నం గూడ పెట్టలే."

అన్నం పెట్టని పెళ్లిళ్లన్నీ పోయాయి. డిస్క్ సగం ఖాళీ అయింది. మళ్లీ స్విచ్ వేశాం. త్రికోణం అలాగే ఉంది. ఈసారి ఇంకొంచెం పసుపుగా ఉందని నాకు అనిపించింది, అది నా అనుమానం.

సరే, కంప్యూటర్ చెప్పిన మాటే వినాలనుకున్నాం. ఇంకేదన్నా బంద్ చేయమంది కదా. ప్రింటర్ తీగ గుచ్చే రంధ్రాన్ని బంద్ చేశాం, త్రికోణం పోలేదు. సౌండ్ బంద్ చేశాం, పోలేదు. నెట్ కార్డు బంద్ చేశాం, పోలేదు. అప్పుడు భాయ్‌కి ఒక సందేహం వచ్చింది.

"సౌండ్ లేకుంట, నెట్ లేకుంట లైవ్ ఎట్ల పోతది?"

"పోదు భాయ్."

"మరి ఎందుకు బంద్ చేస్తున్నం?"

 ఇద్దరం మర్యాదగా అన్నీ మళ్లీ ఆన్ చేశాం. ఆఖరి ప్రయత్నంగా తెరను నడిపే గ్రాఫిక్స్ కార్డునే బంద్ చేశాను. తెర మీద అక్షరాలు ఇటుకలంత పెద్దవయ్యాయి, త్రికోణం జామకాయంత అయింది. దాన్ని కూడా వెనక్కి తెచ్చుకున్నాం.

అప్పుడే భాయ్ ఇంకో సంగతి కనిపెట్టాడు. రెండు ర్యామ్‌లూ కలిపి నాలుగు జీబీ ఉండాలి. కంప్యూటర్ నాలుగు అని రాసి, పక్కనే వాడుకోగలిగేది మూడు చిల్లర అని చూపిస్తోంది.

"గా హైదరాబాద్ దుకాణపోడు ముక్క మీద కొంచెం కొరికి ఇచ్చిండురా," అన్నాడు భాయ్. ఆయన నిజంగానే ఆ ముక్కను తీసి అంచులు చూశాడు. ఆయన చూస్తుంటే నేనూ చూశాను.

ఆ వారంలో అవ్వ దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె ముందుగా అడిగింది తన కాలు గురించి కాదు.

"అయ్యిందా నీ పని?"

"అయితాంది అవ్వా. కార్డుకు జాగా దొరుకుతలేదు."

"ఎంతుంటది కార్డు?"

నేను అరచేయి చూపించాను.

"కంపూటరు?"

నేను చేతులు చాపి చూపించాను.

"గంత డబ్బల గింత కార్డుకు జాగ లేదా? లోపల ఏం నింపిన్రు, వడ్లా?" తర్వాత గొంతు తగ్గించింది. "కొడుకా, నాకు సాకులు చెప్పకు. అది ఒప్పుకున్నదని నేను సూడకపోతే, రేపు కాపురంల ఏ మాటొచ్చినా అవ్వ బలవంతం చేసిందంటది. నా కండ్లతోటి సూడాలె."

ఇక్కడ ఒక కన్నీటి బొట్టు పెట్టొచ్చు. కానీ అదే నిమిషంలో పక్క మంచం ఆమె తెచ్చిన ఉడకబెట్టిన పల్లికాయలు చూసి, అవ్వ అటు తిరగబోయి సిస్టర్‌తో తిట్లు తిన్నది. కాబట్టి బొట్టు పెట్టడం లేదు.

ఇక మిగిలింది రబ్బరు. కంప్యూటర్ పని చేసిన వాళ్లందరికీ ఇది తెలుసు. ఏ రోగమైనా సరే, ర్యామ్ ముక్క ఊడదీసి, దాని అంచున ఉండే బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టాలి. తెర రాకపోయినా ఇదే, ఫ్యాను మోగినా ఇదే. రోగానికీ మందుకూ సంబంధం ఉందా అని ఎవరూ అడగరు. భాయ్ రెండు ముక్కలూ తీసి రుద్దడం మొదలుపెట్టాడు. ఒకటి రుద్ది పెట్టేశాడు. రెండోది రుద్దుతుండగా ఎవరో పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చారు. భాయ్ దాన్ని చొక్కా జేబులో వేసుకుని కెమెరా అందుకున్నాడు. నేను అది చూడలేదు. పని అయిపోయిందనుకుని స్విచ్ వేశాను.

త్రికోణం లేదు.

"భాయ్! పోయింది!"

ఫోటో దిగుతున్నాయన ఉలిక్కిపడ్డాడు. ఆ ఫోటోలో ఆయన కళ్లు అలాగే వచ్చాయి. భాయ్ పరుగెత్తుకొచ్చి తెర చూసి, రబ్బరును పైకెత్తి ముద్దు పెట్టుకున్నాడు.

"చెప్పిన గద. దీని ముంగట ఏ ఇంజినీరు పనికి రాడు."

తర్వాత జేబు తడుముకుంటే రెండో ముక్క బయటపడింది. అది కూడా పెట్టి మళ్లీ స్విచ్ వేశాం. త్రికోణం వచ్చేసింది. తీశాం, పోయింది. ఓహో, ఆ ముక్కే చెడిందన్నమాట. మొదటిది తీసి, చెడింది అనుకున్నదాన్ని ఒక్కదాన్నే పెట్టాం. కార్డు మంచిగానే నడిచింది. ఏ ఒక్కటి పెట్టినా నడుస్తుంది. రెండూ పెడితే నడవదు.

"అంటే మెమరీ తక్కువుంటే జాగా దొరుకుతాంది, ఎక్కువుంటే జాగా సాల్తలేదు," అన్నాడు భాయ్, చాలా నెమ్మదిగా.

"అవును భాయ్."

"గిదేం లెక్కరా?"

 అక్కను అడుగుదామనుకున్నాను, లెక్కల టీచర్ కదా. కానీ పెళ్లికూతురికి కొత్త అనుమానాలు పెట్టొద్దని అమ్మ ఖచ్చితంగా చెప్పింది.

అర్థమయింది బస్టాండులో. అర్థమయింది అంటే, మొదట్లో చెప్పిన ఆ సగం. నేను ఫోన్‌లో ఇంగ్లీషులో ఎవరెవరో రాసుకున్న జవాబులు చదువుతూ నిలబడ్డాను. అందులో అందరూ అడ్రసులు, అడ్రసులు అంటున్నారు. మాకు అడ్రసు ఉంది, నకిరేకల్, పంక్చర్ల దుకాణం పక్కన. ఇంకేం కావాలో తెలియలేదు. ఇంతలో బస్సు వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే జనం కిటికీల్లోంచి దస్తీలు, సంచులు, టిఫిన్ డబ్బాలు సీట్ల మీదికి విసిరారు. మా దగ్గర దస్తీ, అంటే చేతిరుమాలు, పడ్డ సీటు మనిషి కూర్చున్న సీటు కిందే లెక్క. వేసినాయన తాపీగా చాయ్ తాగి ఎక్కుతాడు. ఖాళీ సీటు ముందు మిగతావాళ్లు నిలబడే ఉంటారు. కండక్టర్ కూడా ఏమీ అనడు. ఆ రోజు నలుగురు పిల్లలతో ఒకామె ఎక్కింది. పిల్లలు ఒక్కచోటే కూర్చోవాలని ఆమె పట్టు.

"అటొకటి ఇటొకటి ఉన్నయి గదమ్మా, కూసోర్రి," అన్నాడు కండక్టర్.

"ఇడిసిపెడితె కొట్టుకుంటరు. నాకు నాలుగు పక్కపక్కనే కావాలె."

పక్కపక్కన నాలుగు లేవు. ఆమె దిగిపోయింది. దిగుతూ ఆమె చూసిన చూపు అచ్చం పసుపు త్రికోణం.

కంప్యూటర్ స్విచ్ నొక్కగానే విండోస్ లేవదట. ముందు బోర్డు మీదుండే ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. అది ప్రతి కార్డు దగ్గరికీ వెళ్లి నీకు ఎన్ని సీట్లు కావాలి అని అడుగుతుంది. కార్డు ఎన్ని కావాలో చెబుతుంది, ఎక్కడ కావాలో చెప్పదు. ఎక్కడన్నది ఫర్మ్‌వేర్ ఇష్టం. అది వరసగా దస్తీలు వేసుకుంటూ పోతుంది. విండోస్ అంటే కండక్టర్. తర్వాత తాపీగా వచ్చి, పడ్డ దస్తీలు చూసి, ఎవరిది ఏ సీటో రాసుకుంటుంది. అవసరమైతే ఒకరిద్దరిని జరుపుతుంది కానీ బస్సును సాగదీయలేదు. సీట్లంటే నంబర్లు, వాళ్ల భాషలో అడ్రసులు. లోపల ఎవరితో మాట్లాడాలన్నా ప్రాసెసర్ ఒక నంబరు పిలవాలి. మా పాత విండోస్‌కు నాలుగు జీబీ వరకే నంబర్లు వచ్చు. ఆ పైన దానికి లెక్క తెలియదు.

కార్డు అడిగింది ర్యామ్‌ను కాదు, ఆ నంబర్లను. అవి కూడా పక్కపక్కన ఒకే ముక్కగా కావాలి. అసలు తిరకాసు ఏమిటంటే, ర్యామ్ కూడా ఆ నంబర్లలోనే కూర్చోవాలి. మేము రెండో ముక్క పెట్టగానే, ముందు సీటు నుంచి దాదాపు వెనక దాకా ర్యామే కూర్చుంది. కార్డులన్నిటికీ మిగిలింది ఆఖరి వరసలు. అక్కడ గ్రాఫిక్స్ కార్డు పెద్ద కుటుంబంతో ముందే సర్దుకుంది. కాప్చర్ కార్డుకు అటొకటి ఇటొకటి తప్ప ఒక్కచోట దొరకలేదు. ఒక ర్యామ్ దిగిపోగానే సగం బస్సు ఖాళీ. హైదరాబాద్ దుకాణదారు కొరికాడనుకున్న ముక్క కూడా ఇదే. కార్డుల దస్తీలు పడ్డ సీట్లలో ర్యామ్ కూర్చోలేదు. ఉంది, కానీ నిలబడి ఉంది.

ఈ జ్ఞానం పట్టుకుని స్టూడియోకు పరుగెత్తాను.

"భాయ్, ఒక బస్సు ఉన్నదనుకో."

"ఏ బస్సు?"

"ఏదో ఒకటి."

"ఎక్స్‌ప్రెస్సా, ఆర్డినరీయా? ఆర్డినరీల దస్తీ ఏస్తె ఆగదు."

మొత్తం చెప్పాను. భాయ్ వింటూనే వేళ్ల మీద సీట్లు లెక్కపెట్టాడు, అది మంచి సూచన కాదు.

"సీట్లు సాలకపోతే పెద్ద బస్సు తెస్తరు గని మనుషులను దించుతరా?" అన్నాడు చివరికి. "మనం ఇంకో ర్యామ్ తెచ్చింది బస్సు పెద్దగ కావాలనే గద?"

"ర్యామ్ బస్సు కాదు భాయ్. ర్యామ్ కూడా ప్యాసింజరే."

"మరి బస్సేది?"

"బస్సు లేదు. ఉత్త సీటు నంబర్లే ఉంటయి."

"బస్సు లేకుంట సీటు నంబర్లు?"

"ఆ."

"తమ్మీ, నువ్వు డిప్లొమా యాడ చేసినవ్?"

పెద్ద బస్సు కూడా ఉందని చెప్పాను. కొత్త రకం విండోస్ వేసి, నాలుగు జీబీ పైన కూడా నంబర్లిచ్చే బోర్డు కొంటే ఈ గొడవే ఉండదు. కానీ మా మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప లేవదు. మా ఇద్దరి వేళ్లకూ అలవాటైంది అదొక్కటే. పెళ్లి నెత్తి మీదికి వచ్చింది. ఒక్క ర్యామ్‌తోనే పోదామని తీర్మానించాం. భాయ్ మాత్రం రబ్బరు వల్లే నడుస్తోందని నమ్మాడు. ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఇప్పుడు స్టూడియోలో కొత్త కంప్యూటర్ ఉంది, దాంట్లో త్రికోణాలు రావు. అది కొనగానే ఆయన మొదట చేసిన పని, డబ్బా తెరిచి ర్యామ్‌ను రబ్బరుతో రుద్దడం.

పెళ్లి రోజు పొద్దున్నే కంప్యూటర్‌ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని మా ఊరి చర్చికి తీసుకుపోయాం. వాద్యాలు పెట్టే మూలన బల్ల వేసి, నాలుగు కెమెరాల తీగలు గుచ్చాను. నెట్ కోసం నా ఫోన్‌ను కిటికీ ఊచకు దారంతో కట్టాను, ఎందుకంటే చర్చి మొత్తంలో సిగ్నల్ ఉన్న జాగా అదే. దవాఖానలో అవ్వకు తోడున్న చిన్నమ్మ ఫోన్‌లో లింకు తెరిచి, బొమ్మ వచ్చిందని మెసేజ్ పెట్టింది. త్రికోణం లేదు. నాలుగు కెమెరాలూ వచ్చాయి. రెండో ర్యామ్ ముక్క భాయ్ చొక్కా జేబులో ఉంది.

సగం ర్యామ్‌తో నాలుగు కెమెరాలు అంటే, ఆ కంప్యూటర్ గుక్క తిప్పుకోకుండా పని చేసింది. పాటల వరకు బాగానే ఉంది. బైబిల్ వాక్యం చదువుతుండగా మౌస్ బాణం నడవడం మానేసి దూకడం మొదలుపెట్టింది. భాయ్ నా చెవి దగ్గరికి వంగి, "రెండోది పెడ్దామా? దమ్ము సాల్తలేదు," అన్నాడు.

"పెడితే కార్డు పోతది భాయ్."

"ఎట్ల పోతదిరా, బలం ఇస్తున్నం గద!"

"ప్యాసింజర్ భాయ్, ప్యాసింజర్!"

ముందు వరసలోంచి మా బాపు వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టాడు. భాయ్ జేబు మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు, ప్రతిజ్ఞ చేస్తున్నట్టు.

పాస్టర్ అక్కను అడిగాడు. ఈ పురుషుణ్ణి నీ భర్తగా స్వీకరించడానికి ఒప్పుకుంటున్నావా అని. నేను అక్కను చూడలేదు, తెరను చూస్తున్నాను. తెర మీద అక్క నోరు తెరవబోతూ ఆగిపోయింది. బొమ్మ గడ్డకట్టింది. నా వెనక, నిజం అక్క, "ఒప్పుకుంటున్నాను" అంది. గట్టిగా, వెంటనే, క్లాసులో హాజరు పిలిచినంత మామూలుగా. జనం ఆమెన్ అన్నారు. తెర మీది అక్క ఇంకా నోరు తెరవలేదు. నా సొంత అక్క పెళ్లిలో అందరూ కళ్లు తుడుచుకుంటుంటే, నేను ఒక ఫ్యాను చప్పుడు వింటూ, కదులు కదులు అని డబ్బాను బతిమాలుతున్నాను. ఏం ఆపాలో, ఏం తీయాలో, ఏది ఎవరి సీటో అన్నీ కలిసిపోయాయి. తర్వాత అదే కదిలింది. నేనేమీ చేయలేదు. తెర మీది అక్క కూడా ఒప్పుకుంది.

భోజనాలు మొదలయ్యాక చర్చి వెనక్కి వెళ్లి చిన్నమ్మకు ఫోన్ చేశాను. చిన్నమ్మ అవ్వ చెవి దగ్గర పెట్టింది.

"సూసినవా అవ్వా?"

"సూసిన."

"అక్క ఒప్పుకుంటున్న అన్నది ఇన్నవా?"

"ఇన్న. గని ఆలోచించిందిరా. అయ్యగారు అడిగినంక నోరు తెరిచి అట్లనే ఆగింది. నా పానం గుట్కున పోయినట్టయింది. నాకు ఎర్కనే, ఆఖరి దాక ఆలోచిస్తది అని."

"ఆలోచించలే అవ్వా, ఎంటనే అన్నది. గది కంప్యూటర్ ఆగింది. ర్యామ్ తక్కువుండె."

"నువ్వు దాని తమ్ముడివి, దాని దిక్కే మాట్లాడుతవ్. పోనియ్, ఒప్పుకున్నది గద. నేను సూసిన. ఇగ మాట మార్చలేదు." అవ్వ ఇంకో సంగతి ఎత్తుకుంది. "గది సరే గని, ఒకటి అడుగుత చెప్పు. మీరందరు పండుకోని ఎందుకు చేసిన్రు పెండ్లి?"

"ఏంది?"

"అయ్యగారు పండుకునే ఉన్నడు, పిల్ల పండుకునే ఉన్నది, పిలగాడు పండుకునే ఉన్నడు. ఫోన్ ఎట్ల తిప్పినా మళ్ల పండుకుంటున్నరు. నాకు తుంటి ఇరిగింది, మీకేమయింది?"

చిన్నమ్మను పిలిచి అడిగాను. ఆపరేషన్ చేసిన కాలు పైకి ఉండేలా అవ్వను ఒక పక్కకు ఒత్తిగించి పడుకోబెట్టారట. చిన్నమ్మ ఫోన్‌ను కూడా ఆమె మొహంతో పాటే పక్కకు ఒరిగించి పట్టుకుందట. ఫోన్‌ను ఎటు ఒరిగించినా అది బొమ్మను తనంతట తానే నేలకు నిటారుగా తిప్పేస్తుంది, పక్కకు ఒరిగి ఉన్న అవ్వకు ఆ నిటారే పడక. అలా పక్కకు ఒరిగి ఫోన్ చూసేవాళ్లు ముందు ఆటో రొటేట్ ఆపుకోవాలి. తెరను పైనుంచి కిందికి వేలితో లాగితే ఆ గుర్తు కనిపిస్తుంది, ఒకసారి నొక్కితే చాలు.